తితిక్షకు చికిత్స విరోధమా?

అద్వైత వేదాంతం జిజ్ఞాసువుకు విధించిన శమాది షట్కంలో, అంటే అతడు అలవరచుకోవలసిన ఆరు గుణాలలో, తితిక్ష ఒకటి. శీతోష్ణాది ద్వంద్వాలను చలించక ఓర్చుకోవడం దాని సామాన్యార్థం కాగా, సంప్రదాయం శంకరాచార్యులకు ఆపాదించే వివేకచూడామణి, దుఃఖానికి ప్రతీకారం, అంటే విరుగుడు, వెతకకుండా, చింతావిలాపాలకు లోనుగాకుండా సహించడమే తితిక్ష అని నిర్వచిస్తుంది. ఈ నిర్వచనాన్ని యథాతథంగా గ్రహిస్తే, రోహిణి కార్తె ఎండకు కమిలిన ఒంటిమీద తడిగుడ్డ వేసుకోవడం కూడా సాధకుడికి లోపమే కావాలి.

వైద్యశాస్త్రం ఇక్కడ సందేహానికి తావివ్వదు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 12వ అధ్యాయం నిప్పు సోకి స్వల్పంగా కమిలిన చర్మానికి, అంటే ప్లుష్టానికి, ఉష్ణోపచారాన్ని చెప్పినప్పటికీ, వడగాలికీ ఎండకూ కాలిన చర్మానికి మాత్రం శీతలోపచారమే చేయాలంటుంది. ఆధునిక వైద్యం ప్రకారం అతినీలలోహిత కిరణాలు చర్మకణాలను దెబ్బతీయడం వల్ల రక్తనాళాలు వ్యాకోచించి పుట్టే ఎరుపు, మంట కొన్ని గంటలకు గాని బయటపడక, సుమారు 12 నుంచి 24 గంటల నాటికి ముదురుతాయి. కనుక ముందు నీడకు చేరడం, చన్నీళ్లలో తడిపి పిండిన మెత్తని నూలుగుడ్డను పది పదిహేను నిమిషాల చొప్పున పలుమార్లు కప్పడం, కలబంద మట్టను కోసి పసుపుపచ్చని సొన కారిపోయాక లోపలి గుజ్జును పలుచగా పూయడం, నీళ్లు, మజ్జిగ తరచుగా తాగడం ఇంట్లో చేయదగిన ఉపచారాలు. మంచుగడ్డ రుద్దడం, వెన్న రాయడం, పొక్కులు చిదమడం కూడదు. పొక్కులు విస్తారంగా లేచినా, జ్వరమో తలతిరుగుడో తోడైనా వైద్యుణ్ణి ఆశ్రయించాలి.

ఈ ఉపచారానికి ధర్మదృష్టిలో స్థానమేమిటో కాళిదాసు కుమారసంభవం అయిదవ సర్గ సూచిస్తుంది. గ్రీష్మంలో నాలుగు అగ్నుల నడుమ కూర్చొని సూర్యుణ్ణి రెప్పవాల్చక చూస్తూ తపస్సు చేసిన పార్వతిని, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు, శక్తికి తగినంతే తపిస్తున్నావా అని అడిగి, ధర్మసాధనకు మొదటి పనిముట్టు శరీరమేనని గుర్తుచేస్తాడు. ఆ మాట అన్నవాడు భోగి కాడు, తపస్వులకే ఆరాధ్యుడు. కాబట్టి దేహరక్షణ తపస్సుకు మినహాయింపు కాదు, దానికి అంగమే.

అప్పుడు నిర్వచనంలోని ప్రతీకార నిషేధం నిలిచేదెక్కడ? తడిగుడ్డ మంటను తగ్గిస్తుందే గాని కిరణాలు చేసిన హానిని వెనక్కు తీసుకోలేదు. చర్మం పొరలుగా ఊడి కొత్తది తేలేదాకా, ఏ లేపనం పూసినా, కొన్ని దినాలు వేచి ఉండవలసిందే. చేయగలిగిన ఉపచారం చేసిన పిమ్మట మిగిలే ఈ వ్యవధికి విరుగుడు లేదు కనుక, అక్కడ విరుగుడు కోసం పరితపించకుండా, నొప్పిని తలచి తలచి వగవకుండా ఉండడమే తితిక్షకు తగిన క్షేత్రం. ఉపచారాన్ని నిరాకరించి తన ఓర్పును తానే మెచ్చుకునేవాడు చర్మాన్ని కాల్చుకొని అహంకారాన్ని పోషించుకున్నవాడవుతాడు.

మరొక హద్దు కూడా ఉంది. తితిక్ష ఎవరికి వారు తమ బాధ విషయంలో పూనే నియమం; మిట్టమధ్యాహ్నం చేలో వంగి పనిచేసే కూలీకి ఓర్చుకొమ్మని ఉపదేశించడానికి అది ఆధారం కాదు. అతడి పట్ల శాస్త్రం కోరే గుణం దయ, దాని ఆచరణ రూపం పనివేళ మార్చి నీడ, నీరు సమకూర్చడం.