రద్దు చేయలేని పద్దు

చేసిన తప్పుకు ఎవరూ ఏ ఖరీదూ చెల్లించనక్కర లేకపోతే, ఆ తప్పునుంచి మనిషి నేర్చుకునేది ఎంత? వేదాంత గ్రంథాలు చదివి తెచ్చుకున్న ప్రశ్న కాదిది. నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు పద్దుల మధ్య బతుకుతున్నవాణ్ణి. నాకీ సందేహం కలిగించింది ఒక కంప్యూటర్ ఆట. నవ్వుకున్నా ఫరవాలేదు, కాస్త ఓపికపట్టి వినండి.

ఆ ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థ 2011లో దాన్ని మొదటిసారి జనానికి అందించింది. పూర్తి రూపం 2015లో వచ్చింది. కెర్బిన్ అనే ఊహాలోకంలో పచ్చటి ఒళ్లు, పెద్ద తలకాయలు గల బుడతలుంటారు. వాళ్లకు రాకెట్లూ విమానాలూ మనం తయారుచేసి ఇవ్వాలి. ఇంజన్లు, ఇంధనపు ట్యాంకులు, రెక్కలు, చక్రాలు ఒక్కొక్కటే తెచ్చి అతికించుకోవాలి. బొమ్మలాటే అయినా బరువు, గాలి, భూమి లాగే బలం లెక్కలోకి వస్తాయి. మా అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు నా కంప్యూటర్లో పెట్టి వెళ్లాడు. వాడు మానేశాడు, నేను పట్టుకున్నాను.

నాకు అందులో మోజు నిట్టనిలువుగా లేచే విమానాల మీద. రన్‌వే అక్కరలేకుండా ఉన్నచోటునుంచే లేచి, గాలిలో నిలిచి, ముందుకు సాగి, మళ్లీ ఉన్నచోటనే దిగాలి. నేల విడిచి సాము అంటే అచ్చంగా ఇదే. సూత్రం చూస్తే తేలిక. ఇంజన్ల తోపు విమానం బరువుకంటే ఎక్కువ ఉండాలి. ఆ తోపు బరువు కేంద్రం గుండా పోవాలి. షెడ్డులో తయారుచేస్తున్నప్పుడు ఆట ఈ రెండింటినీ గోళాలుగా చూపిస్తుంది. పసుపుది బరువు కేంద్రం, ఊదాది తోపు కేంద్రం. రెండింటినీ ఒకే గీత మీదికి తెచ్చేసరికి ట్రయల్ బ్యాలెన్సు కుదిరినంత సంబరంగా ఉంటుంది. కానీ అది ట్యాంకులు నిండుగా ఉన్నప్పటి లెక్క. ట్యాంకులు ముందో వెనకో ఉంటే, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ బరువు కేంద్రం జరిగిపోతుంది. లేచేటప్పుడు కుదురుగా ఉన్న విమానమే దిగేటప్పుడు ముక్కు వాలుస్తుంది. జెట్ ఇంజను మీట కదపగానే బలం పుంజుకోదు, కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కాసేపట్లో ఒరిగింది ఒరిగినట్టే. పద్మవ్యూహంలో లాగా ఇక్కడా లోపలికి పోవడంకంటే బయటపడటమే కష్టం.

కూలిపోగానే తెర మీద ఒక బటన్ కనిపిస్తుంది. నొక్కితే ఎగరకముందున్న చోటికి వెళ్లిపోతాం. పైలట్ నవ్వుతూ సీట్లో కూర్చుని ఉంటాడు. డబ్బు ఖర్చు కాలేదు, పేరు పోలేదు. కూలిన సంగతికి ఆనవాలే ఉండదు.

మా వృత్తిలో ఇలాంటి బటన్ లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా శాఖలో ఇంకా చేతిరాత లెడ్జర్లే. తప్పు పద్దు పడితే చెరపకూడదు, కాగితం చింపకూడదు, దానిమీద తెల్లరంగు పూయకూడదు. దానికి ఎదురు పద్దు రాసి, అధికారి సంతకం తీసుకోవాలి. కంప్యూటర్లు వచ్చినా ఈ నియమం మారలేదు. తప్పూ దిద్దుబాటూ రెండూ పుస్తకంలో ఉండిపోతాయి, ఎప్పుడో వచ్చే ఆడిటరుకు రెండూ కనిపిస్తాయి. ఎదురు పద్దు “ఇలా జరిగింది, ఇలా సరిచేశాం” అంటుంది. ఆటలోని బటన్ “అసలేమీ జరగలేదు” అంటుంది.

ఆటలో బొమ్మ చస్తే పాపమేమిటని మీరడగవచ్చు. పాపమేమీ లేదు. పైగా ఇలా ఉచితంగా విఫలమయ్యే చోటు మనిషికి ఎంతో మేలు చేస్తుందనే నా నమ్మకం కూడా. ఆ చోటు లేక నిజం విమానాలవాళ్లు ఎంత కష్టపడ్డారో చూడండి. రోల్స్ రాయిస్ సంస్థ 1950లలో రెక్కలే లేని ఒక ఇనుప చట్రానికి రెండు జెట్ ఇంజన్లు బిగించి నిలువుగా లేపి చూసింది. జనం దాన్ని ఎగిరే మంచం అన్నారు. 1953లో తాళ్లతో కట్టి ఎగరేశారు, 1954లో విడిగా వదిలారు. అలాంటి రెండో యంత్రం 1957లో కూలి ఒక పైలట్ ప్రాణం తీసింది. ఆ తరవాత హాకర్ సంస్థ పి.1127 అనే విమానం కట్టింది. 1960 అక్టోబరులో దాన్ని కూడా మొదట నేలకు కట్టే లేపారు. ఆ సీట్లో కూర్చున్నది సంస్థ ప్రధాన టెస్ట్ పైలట్ బిల్ బెడ్‌ఫోర్డే. నిలువుగా లేచి ముందుకు సాగే విద్య దానికి పట్టుబడటానికి మరో ఏడాది పట్టింది. దాని సంతతే హారియర్. 1983నుంచి 2016 దాకా మన నౌకాదళంలో పనిచేసిన సీ హారియర్లు ఆ వంశంవే.

చంద్రుడి మీద దిగడం నేర్చుకోవడానికి అమెరికావాళ్లు వాడినదీ ఇలాంటి యంత్రమే. దాని బరువులో ఆరింట అయిదు వంతులను జెట్ ఇంజను మోసేది. మిగిలిన ఒక వంతుతో పైలట్ చంద్రుడి మీద ఉన్నట్టే సాధన చేసేవాడు. 1968 మే 6న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ నడుపుతుండగా అది అదుపు తప్పింది. ఆయన సీటుతో సహా బయటికి ఎగిరి పారాషూట్‌తో దిగి బతికాడు. అలాంటివి మొత్తం అయిదు కడితే మూడు కూలిపోయాయి, మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు. కట్టినవాళ్లు యంత్రం కూలవచ్చునని ముందే ఒప్పుకుని, కూర్చునేవాడు బయటపడే దారి అందులోనే పెట్టారు. మరుసటి ఏడాది ఆయన చంద్రుడి మీదికి దిగిన వాహనంలో ఆ సీటు లేదు.

కాబట్టి ప్రయోగాన్ని తప్పుపట్టలేం. సీట్లో కూర్చున్నది ఎవరు, బయటపడే దారి వాళ్లకుందా, ఈ రెండూ అడగాలి. ఆట ఈ ప్రశ్నలను మరిపిస్తుంది. ఆటలో మరిచిపోవడం పెద్ద విషయం కాదు, బయటికి ఆ అలవాటు వస్తేనే ప్రమాదం.

హోసూరు ప్రాంతంలో గులాబీ తోటల సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. నేను పనిచేసిన ఒక శాఖకు ఒకావిడ వచ్చింది. అంతకు ముందెప్పుడో భూమి తాకట్టు పెట్టి పాలీహౌస్‌కు అప్పు తీసుకున్న కుటుంబం. కాగితాలు తీసి చూశాను. లెక్కలో కూడికల తప్పు ఒక్కటీ లేదు. కాకపోతే పూలకు గిరాకీ ఉన్న నెలల ధరనే ఏడాది పొడుగునా వేసి ఉంది. ట్యాంకులు నిండుగా ఉన్నప్పటి లెక్క అన్నమాట. ఆవిడ కోపంగా మాట్లాడలేదు. “ఈ లెక్క యేసిచ్చిన సారు ఇప్పుడు యాడ ఉండారు సార్?” అని మాత్రం అడిగింది.

ఆయన అప్పటికి రెండు బదిలీలు దాటిపోయాడు. ఆయన చెడ్డవాడని నేననుకోను. పొలానికి మంచి జరగాలనే ఆ లెక్క వేసి ఉండవచ్చు. కానీ బదిలీ అనేది మా ఉద్యోగాల్లో ఆ బటన్ లాంటిదే. మూడేళ్లకోసారి కొత్త ఊరు, కొత్త కుర్చీ, తెల్ల కాగితం. అప్పు తీసుకున్నవాళ్లకు బదిలీలు ఉండవు. లెక్క వేసినవాడు ఒకడు, కూలిన విమానంలో ఉన్నది వేరొకరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే సొమ్ముతో పోతుంది, ఇక్కడ పోయేది బతుకుతెరువు. మా వృత్తినే ఎందుకనాలి? పిల్లవాడి చదువు తన మోజుకొద్దీ నిర్ణయించే తండ్రికీ, కొత్త పథకం గీసి మరో కార్యాలయానికి వెళ్లిపోయే అధికారికీ ఇదే వర్తిస్తుంది.

ఆ ఆటలో ఒక సదుపాయం ఉంది. మొదట్లోనే ఆ బటన్ పనిచేయకుండా చేసుకోవచ్చు, పోయిన పైలట్ తిరిగి రాకుండా కూడా పెట్టుకోవచ్చు. ఒకసారి అలా పెట్టి ఆడాను. నా తెలివితేటలు ఏమీ పెరగలేదు. కానీ నా పద్ధతి మారిపోయింది. ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయ్యాకా బరువు కేంద్రం ఎక్కడుంటుందో రెండుసార్లూ చూసుకోవడం మొదలుపెట్టాను. కొత్త విమానాన్ని మొదటిసారి మనిషి లేకుండా, యంత్రపు మెదడుతోనే పైకి పంపాను. మూడడుగులు లేపి దింపాను, తరవాత పదడుగులు. బెడ్‌ఫోర్డ్ విమానాన్ని ఎందుకు కట్టి ఉంచారో పుస్తకంలో చదివినప్పటికంటే అప్పుడు బాగా బోధపడింది. ఉత్త బొమ్మ కోసం నేనంత జాగ్రత్తపడగలిగినప్పుడు, భూమి కాగితాలు చేతికిచ్చి ఎదుట నిలబడ్డ మనిషి కోసం ఎంత పడాలి?

మీ ఇళ్లల్లో పిల్లలు ఇలాంటి ఆటలు ఆడుతుంటే మాన్పించకండి. కూలనివ్వండి, మళ్లీ కట్టనివ్వండి. అప్పుడప్పుడు పక్కన కూర్చుని, ఇప్పుడు కూలినదాంట్లో ఎవరున్నారు నాయనా అని అడగండి. “ఎవరూ లేరు తాతా, ఊరికే పరీక్షకు పంపాను” అని జవాబు వస్తే, ఆ పిల్లవాడి చేతికి రేపు ఏ బాధ్యత ఇచ్చినా మనం కాస్త నిశ్చింతగా ఉండవచ్చు.