పండుగనాటి విశ్రాంతి

క్రిస్మసు దగ్గఱపడినకొలఁది కలకడ, మదనపల్లె సీమలలోని క్రైస్తవగృహములలో పని పెరుగుచునే యుండును. గోడలకు సున్నము, పిల్లలకు క్రొత్తబట్టలు, అరిసెలకు పిండి, రాత్రి పాటలు పాడుచు వచ్చువారికి కాఫీ. (ధనుర్మాసమున హిందూగృహముల సందడియు నింతియే.) పురుషులు వీనిని సెలవుదినము లందురు. గృహిణికి ఆ శిశుజననమును తలఁచుకొనుటకైనను తీరిక యేది?

విశ్రాంతిని విధిగా నెంచిన తావొకటి మదనపల్లె చెంతనే కలదు. 1912లో స్థాపింపఁబడిన ఆరోగ్యవరమున, 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుఁగొనఁబడుటకు పూర్వము, క్షయరోగికి విశ్రాంతియు మంచిగాలియు పుష్టికరాహారమునే ముఖ్యచికిత్స. ఇంట పగలు పండుకొన్న సోమరి యనిపించుకొను స్త్రీకి అచ్చట పండుకొనుటయే కర్తవ్యము. రోగము వచ్చినఁగాని ఆమె దేహమునకు హక్కు రాలేదన్నమాట! 1959లో మద్రాసు పరిశోధకులు, మందులు సరిగా పుచ్చుకొన్నచో ఇంటనుండియే రోగము కుదురునని తేల్చిరి. అది మహోపకారము, కాని నడుము వాల్చుటకు గల ఆ వైద్యాజ్ఞయు దానితో సడలినది.

మోషే ధర్మశాస్త్రములోని విశ్రాంతిదినాజ్ఞను చూడుఁడు. కొడుకు, కూఁతురు, దాసదాసీలు, పశువులు, పరదేశి, అందఱును అందు పేర్కొనఁబడిరి. భార్య పేరు లేదు. 'నీవు' అనుటలోనే ఆమె యిమిడియున్నదని పండితులందురు. కావచ్చును. మన వంటయిండ్లను చూచిన నట్లు తోఁపదు.

పశువులతొట్టిలో పరుండిన బాలునికి ఒక కూర తక్కువయైన లోటేమి? 25వ తేది భోజనానంతరము గిన్నెలు తోముపని యజమానియు మగపిల్లలును పుచ్చుకొందురు గాక. గృహిణి వసారాలో ఊరక కూర్చుండవలెను. ఆమెకు మొదట మనసొప్పదు. లేచివచ్చి గిన్నె లాగుకొనఁజూచును. అప్పుడును ఈయరాదు.