తెగిన పోగు

మంగళగిరిలో ఒకసారి గుంటమగ్గం పక్కన చాలాసేపు కూర్చున్నాను. నేతన్న నాడె ఆడిస్తూనే కూతురి చదువు గురించీ, నూలు ధర గురించీ చెబుతున్నాడు. ఉన్నట్టుండి చేయి ఆగింది. పడుగులో పోగు తెగింది. వేళ్లు తడి చేసుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, ఆగిన చోటు నుంచే మాట అందుకున్నాడు. మాటలు అతని పనికి అడ్డం రాలేదు. పోగు తెగితే మగ్గమే చెప్పింది.

నా బల్ల మీద అలా చెప్పేది ఏదీ లేదు. రాయాల్సింది ముందు పెట్టుకుని ఫోన్ ఒక్కసారి చూద్దామనుకుంటాను. తలెత్తేసరికి నలభై నిమిషాలు పోయి ఉంటాయి. ఎక్కడ తెగిందో తెలియదు. ఒకప్పుడు వెబ్ పేజీ అడుగుకు వస్తే తర్వాతి పేజీ కోసం నొక్కాల్సి వచ్చేది. నొక్కబోయే ఆ క్షణంలో ‘ఇంకా కావాలా?’ అని తనను తాను ప్రశ్నించుకునే సందు మనిషికి దొరికేది. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్‌ను రూపొందించాక ఆ సందు మూసుకుపోయింది. తర్వాత ఆయనే అందుకు బహిరంగంగా బాధపడ్డాడు. చెడ్డ అలవాటని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, ఆ అలవాటును ఎవరో ఎంతో శ్రద్ధగా నేశారు.

మనసు గాలిలాంటిది, పట్టుబడదని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు. అభ్యాసం, వైరాగ్యం కావాలంటాడు. ఆ గాలి తనంతట తాను వీచేది. ఇప్పుడు దాన్ని ఎవరో విసురుతున్నారు. ఒంటరి మనిషి నిగ్రహం ఒక్కటే దీనికి చాలుతుందా?

నా మటుకు నేను రోజూ పొద్దున్నే ఫోన్‌ను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వస్తున్నాను. పని బాగానే సాగుతోంది. కానీ అలా మిగిలిన గంట ఎవరిది? దాన్ని కూడా మరో పనికే అప్పగిస్తే, నేను దక్కించుకున్నది ఏమిటి?

మొన్న పని మంచి ఊపులో ఉండగా పాప పెన్సిల్ పట్టుకొచ్చింది. “నాన్నా, ములికి విరిగింది.” “ఆగు తల్లీ,” అన్నాను, తలెత్తకుండానే. కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కలం పక్కన పెట్టి చెక్కడం మొదలుపెట్టాను. రాసిన కాగితం మీద పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే, తను బడి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.