ప్రయాణమునకు ముందే

శివరాత్రికి ఇంకను పది దినములున్నవి. నా మనస్సు అప్పుడే కమలాపురము విడిచి, నల్లమల చొచ్చి, నాగలూటి దారిన భీముని కొలను దాటుచున్నది. సంచి రెండుమార్లు సర్దితిని, పాఠకులు నవ్వవచ్చును. రొట్టెలకు జొన్నపిండి యాడించితిని. పండితారాధ్య చరిత్రమున పాల్కురికి సోమనాథుడు శ్రీశైల యాత్రను పర్వత ప్రకరణమున విస్తరించి వర్ణించెను. కావున ఈ యుబలాటము నా యొక్కనిదే కాదు.

అయినను, ఇష్టలింగము కరతలముననే యుండగా కొండకై యీ తొందర యేల? ఇది భక్తియా, ఊరు దాటు సంబరమా? నిన్న తరగతిలో సవర్ణదీర్ఘసంధికి ఉదాహరణము చెప్పబోయి మౌనముగ నిలిచితిని. "శివాలయము" అని యొక బాలుడు అందించెను. 12వ శతాబ్ది శరణులు కాయకమునే కైలాసముగ నెంచిరి. నేను శ్రీశైలమును తలచుచు తరగతిలోని కైలాసమును విడిచితిని.

నేడు సంచిని అటకపై పెట్టించితిని. కన్ను అటే పోవుచున్నది.