శత్రువుల నుంచి విడుదల: 1857 ఢిల్లీ సాక్ష్యం

క్రైస్తవ ఆరాధనలో చదివే కీర్తనల గ్రంథంలో, శత్రువుల చేతిలోనుంచి విడిపించమని దేవునికి పెట్టిన మొరలు అనేకం ఉన్నాయి. వాటిలో 35, 69, 109 వంటివి శత్రువుకు కీడు కలగాలని కూడా కోరుతాయి గనుక వాటిని శాపకీర్తనలు అంటారు. అయితే మొరపెట్టినవాడు పగ తానే తీర్చుకోకుండా తీర్పును దేవునికి అప్పగించాలని పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం నిర్దేశిస్తుంది. ఈ అప్పగింత ఎంత కష్టమైనదో 1857 నాటి ఢిల్లీ చూపుతుంది.

ఢిల్లీ కళాశాలలో గణితం బోధించిన రామచంద్ర, వైద్యుడు చిమన్‌లాల్ 1852 జూలైలో కశ్మీరీ గేటు దగ్గరి సెయింట్ జేమ్స్ చర్చిలో కలిసి బాప్తిస్మం పొందారు. 1857 మే 11న తిరుగుబాటు సిపాయిలు నగరంలో ప్రవేశించిన రోజునే చిమన్‌లాల్ దరియాగంజ్‌లో హతుడయ్యాడు. బాప్టిస్టు బోధకుడు విలాయత్ అలీ కూడా ఆ హింసలోనే ప్రాణాలు కోల్పోయాడు. రామచంద్ర మాత్రం సేవకుల సాయంతో నగరం దాటి బతికి బయటపడ్డాడు. బతికినవాడి విశ్వాసం బలమైనదనీ చనిపోయినవారిది కొరవడిందనీ తేల్చడం క్రూరమైన వాదన, పైగా బైబిలుకే విరుద్ధం; ఎందుకంటే దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలిచిన ముగ్గురు యువకులు, తమ దేవుడు రక్షించగల సమర్థుడని చెబుతూనే, ఒకవేళ రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కబోమన్నారు. విడుదల మీద కాక విడిపించేవాని మీద ఆనుకున్న నమ్మకమే అది.

రామచంద్రకు అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకున్నాక, ఒంటి రంగును బట్టి మనిషిని శత్రువుగా లెక్కగట్టిన ఆంగ్ల అధికారుల చేతిలో ఆయన అవమానాలూ దెబ్బలూ తిన్నాడు. తిరుగుబాటుదారుల వల్ల ప్రాణాపాయం కలిగినప్పుడు హతసాక్షులను, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని, తలచుకుని ఓదార్పు పొందవచ్చుననీ, సాటి క్రైస్తవులే ద్వేషించినప్పుడు ఆ ఓదార్పు కూడా మిగలదనీ నగర సైనిక గవర్నరు కర్నల్ బర్న్‌కు ఫిర్యాదుగా రాసిన ఉత్తరంలో ఆయన విన్నవించుకున్నాడు. తీర్పును దేవునికి అప్పగించడమంటే అన్యాయాన్ని మౌనంగా భరించడం కాదని ఆ ఉత్తరమే చెబుతుంది. గెలిచిన సైన్యాన్ని దేవుని హస్తంగా భావించడం ఎంత ప్రమాదకరమో కూడా అది చెబుతుంది గనుక, శాపకీర్తనల్లోని శత్రువు స్థానంలో మరో మతంవారి పేరో, మరో వర్గంవారి పేరో చేర్చి ప్రార్థించే సంఘాలు ముందుగా ఆ ఉత్తరాన్ని చదవాలి.