అతిథి మర్యాద – అప్పుల భారం

జనవరి రెండో వారం వచ్చేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు సంక్రాంతి సెలవులకు మూతపడతాయి. పండుగ మనది కాకపోయినా సెలవులు మనవి కూడా. ఏడాదంతా హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉండే కొడుకులు, కూతుళ్ళు, వారి పిల్లలు ఒక్కసారిగా దాదీ ఇంటికో, నానీ ఇంటికో చేరుకుంటారు. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవారైతే డిసెంబరు చివర్లోనే దిగుతారు. పది రోజులపాటు ఇల్లు కళకళలాడుతుంది. బంధుత్వాలను కలుపుకోమని గట్టిగా ఆదేశించిన ధర్మం మనది. కనుక ఈ రాకపోకలు పుణ్యకార్యాలే, సందేహం లేదు.

అయితే అందరూ వెళ్ళిపోయిన మరునాడు ఆ ఇంట్లో ఏం మిగులుతోంది? కిరాణా కొట్లో బాకీ, మాంసం కొట్లో బాకీ, నడుం నొప్పితో మంచం పట్టిన ఇల్లాలు. కొన్ని ఇళ్ళలో ఆమె చేతి గాజులు కూడా తాకట్టుకు వెళ్ళి ఉంటాయి. వాటిమీద నెలనెలా పెరిగేది అల్లాహ్ నిషేధించిన వడ్డీ.

ఇక్కడ మనం నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. అతిథిని గౌరవించడం మన విధి. ఆ విధి కోసం ఒక ఇల్లు అప్పుల్లోకి దిగితే దాని బాధ్యత ఎవరిది? పెట్టినవారిదా, తిన్నవారిదా?

పెట్టినవారిదేనని చటుక్కున అనేస్తాం. తాహతు తెలుసుకోవద్దా అని కూడా అంటాం. కాని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇంట జరిగిన సంగతి చూడండి. ఇద్దరు అతిథులు వస్తే ఆయన రొట్టె, ఉప్పు తెచ్చి ముందుంచారు. అతిథుల కోసం శక్తికి మించి శ్రమపడటాన్ని దైవప్రవక్త (స) వారించి ఉండకపోతే తాను ఇంకా శ్రమపడి ఉండేవాడినని చెప్పారు. వారిలో ఒకరు ఉప్పుతోపాటు సఅతర్ అనే సువాసన గల ఆకు కూడా ఉంటే బాగుండునన్నారు. సల్మాన్ (రజి) తన నీళ్ళ పాత్రను కుదువకు పంపి ఆ ఆకు తెప్పించారు. తిన్న తర్వాత ఆ అతిథి, తమకు సంతృప్తిని ప్రసాదించిన అల్లాహ్‌ను స్తుతించారు. నిజంగా ఉన్నదానితో సంతృప్తి పడి ఉంటే తన పాత్ర కుదువకు వెళ్ళి ఉండేది కాదు కదా అని సల్మాన్ (రజి) అన్నారు!

గమనించండి, బాధ్యతలో భాగం అతిథి మీద కూడా పడింది. ప్రామాణిక హదీసుల్లో ఇది మరింత స్పష్టంగా ఉంది. అతిథికి ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక మర్యాద. మూడు రోజులు ఆతిథ్యం. ఆపై పెట్టేది దానం. ఇంటివారికి ఇబ్బంది కలిగేంత కాలం ఉండిపోవడం అతిథికి ధర్మసమ్మతం కాదు (బుఖారీ). సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనంలో, ఇంటివారిని పాపంలో పడవేసేంత కాలం అన్న మాట ఉంది. అదెలాగని సహచరులు అడిగితే, పెట్టడానికి ఏమీ లేని ఇంట్లో తిష్ఠవేయడమేనని ఆయన (స) వివరించారు. అతిథి హక్కుల గురించి మనం చాలా విన్నాం. అతిథి బాధ్యతల గురించి ఈ హదీసు మన ఇళ్ళలో ఎందుకో అంతగా వినపడదు.

మరి పిల్లల్ని పస్తు పడుకోబెట్టి, దీపం ఆర్పి, చీకట్లో తామూ తింటున్నట్లు నటించి అతిథికి అన్నం పెట్టిన ఆ అన్సారీ దంపతుల మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అల్లాహ్ మెచ్చిన త్యాగమది. కాని వారు పెట్టింది ఇంట్లో ఉన్నదే. అప్పు చేయలేదు, ఊరికి చాటలేదు. అతిథికి సైతం తెలియనివ్వలేదు. పైగా ఆ సంఘటనకు ముందు జరిగినదాన్ని మనం తరచు వదిలేస్తాం. ఆ అతిథి కోసం దైవప్రవక్త (స) మొదట తన సతీమణుల వద్దకే కబురు పంపారు. నీళ్ళు తప్ప మరేమీ లేవని వారు ఉన్నమాట చెప్పారు. అప్పుడాయన (స), ఈ మనిషికి ఎవరు ఆతిథ్యమిస్తారని బహిరంగంగా అడిగారు. ఆ ఇంట ‘లేదు’ అన్న మాట అవమానం కాలేదు.

కుదువ పెట్టడమే నేరమని మేము అనడం లేదు. ఇంటివారి తిండి కోసం ముప్ఫై ‘సా’ల యవలకు దైవప్రవక్త (స) తన కవచాన్నే కుదువ పెట్టారు. అది ఆకలి తీర్చే గింజ కోసం, వడ్డీ లేకుండా. మన గాజులు వెళుతున్నది మూడో రకం మాంసం కూర కోసం, వడ్డీకి.

ఇక ఆచరణకు వస్తే, మొదటి పూట బగారా అన్నం, దాల్చా చేసుకున్నా, మర్నాటి నుంచి ఖట్టీ దాల్, అన్నం ఏం తక్కువ? సిర్కా తప్ప ఇంట్లో మరేమీ లేదంటే దాన్నే మంచి కూరగా మెచ్చుకున్న ప్రవక్త (స) అనుయాయులం మనం. చలికాలంలో పగలు పదకొండు గంటల చిల్లరే. సోమ, గురువారాల్లో పెద్దలు ఉపవాసముంటే పిల్లలకూ ఇష్టంగా అలవాటవుతుంది, మధ్యాహ్నం పొయ్యికీ కాస్త విశ్రాంతి. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వచ్చిన మగపిల్లలు గిన్నెలు తోమితే అది సున్నత్ బాటే.

ప్రయాణానికీ అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి, తమ రాష్ట్రం లోపల ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఛార్జీ లేదు. రద్దీ రోజుల్లో ప్రైవేటు బస్సులకు ధారపోసే డబ్బుతో నానీ ఇంటికి బియ్యం, నూనె తీసుకెళ్ళవచ్చు.

అన్నిటికన్నా చిక్కు అల్లుడి విషయం. అతని ముందు ఖట్టీ దాల్ పెట్టడానికి అత్తగారికి మనసొప్పదు; పెట్టినా మూడు రోజులు నొచ్చుకుంటూనే ఉంటుంది. ఆమెకు మనం ఎన్ని హదీసులు వినిపించినా లాభం లేదు. ఎన్ని రోజులుంటారో ముందే ఫోనులో చెప్పి, “అమ్మీ, ఈ రాత్రికి ఆ పప్పే చేయండి” అని అల్లుడే అడగాలి.