మొగ్గ తీసే వయసు

నంద్యాల వైపు సీడు పత్తి పండించే ఒక రైతుకీ, వైద్య కళాశాలలో జబ్బుల లెక్కలు చెప్పే ఆయన మేనకోడలికీ మధ్య ఈ సంవాదం. ఆయన ముప్పై ఏళ్లుగా చేలో మందు కొట్టినవాడు, కొట్టించినవాడు. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు రోజుకో టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. సంవాదమంటే ఒకరు అడగడం, ఇంకొకరు తెలిసి చెప్పడం రివాజు. ఇక్కడ అట్లా కుదరలేదు. మామ మొదట అడిగినదానికి మేనకోడలి దగ్గర జవాబు లేదు. ఆమె చివర్లో అడిగినదానికి మామ దగ్గర ఉంది.

మామ: చుట్టూ తిప్పకుండా ఒక్క మాట చెప్పు పాపా. మీ అత్తకు ఆ రోగం నా మందుల వల్లే వచ్చిందా?

మేనకోడలు: చెప్పలేను మామా. నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేడు. గడ్డ ముక్క తీసి పరీక్ష చేస్తే అది ఏ రకమో, హార్మోనుకు లొంగేదో కాదో తెలుస్తుంది. ఎందువల్ల పుట్టిందో దాని మీద రాసి ఉండదు.

మామ: అట్లయితే మీ లెక్కలు ఎందుకు?

మేనకోడలు: అవి గుంపుకు పనికొస్తాయి. ఫలానా మందు తగిలిన వెయ్యిమందిలో మామూలుకంటే ఎంతమందికి ఎక్కువ వచ్చిందో చెప్తాయి. ఆ ఎక్కువ వచ్చినవాళ్లలో మా అత్త ఉందా, ఎట్లాగూ రావలసినవాళ్లలో ఉందా అని అడిగితే పలకవు.

మామ: సరే, గుంపు సంగతే మాట్లాడుదాం. ఈ రోగం మన పల్లెల్లోకంటే హైదరాబాదులో ఎక్కువని నువ్వే ఒకసారి అన్నావు. అక్కడ పత్తి ఎవరు వేస్తున్నారు? ఎవరు మందు కొడుతున్నారు?

మేనకోడలు: అన్నాను, నిజమే. 2012 నుంచి 2016 వరకు దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్క చూస్తే హైదరాబాదు జిల్లాలో లక్షమంది ఆడవాళ్లకు ఏడాదికి 48 మంది. అన్నింట్లోకీ పైన ఉంది. మహారాష్ట్రలో బార్షీ అని పల్లెటూళ్ల రిజిస్ట్రీ ఉంది, అక్కడ చాలా తక్కువ. పట్నంలో పెళ్లి ఆలస్యం, తొలికాన్పు ఆలస్యం, పిల్లలు తక్కువ, పాలివ్వడం తక్కువ, ఒళ్లు ఎక్కువ. వాటి పక్కన పెడితే పురుగుమందు పాత్ర, ఉంటే గింటే, చిన్నదే.

మామ: అయితే అయిపోయింది కదా!

ఇక్కడ మామ గొంతులో తేలిక ఎవరికైనా వినపడుతుంది. ఆయన మీద నాకు కోపం రాలేదు. ముప్పై ఏళ్ల చేతిపని నేరం కాదని వినాలని ఎవరికుండదు?

మేనకోడలు: అయిపోలేదు. నేను చెప్పినవాటన్నింటినీ కలిపే దారం ఒకటుంది. అవన్నీ ఆడదాని ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎన్నేళ్లు, ఎంత, ఏ వరసలో తిరిగిందన్న దగ్గరికే వస్తాయి. 1896లోనే బీట్సన్ అనే స్కాట్లాండు సర్జను, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకామెకు అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయని రాశాడు. అత్త వేసుకునే మాత్ర చేసేదీ అదే పని, కత్తి లేకుండా. రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే చోటును ఆ మాత్ర ముందే ఆక్రమిస్తుంది. నువ్వు రోజూ చూసేదే కదా. మొగ్గ తీసిన ఆడపువ్వు మీద నువ్వు ఏ చెట్టు పుప్పొడి రుద్దితే దాన్నే పట్టుకుంటుంది, నాది కాదని తోసెయ్యదు. ఆ కణం కూడా అంతే. ఈస్ట్రోజెన్‌లా ఉన్నది ఏదొచ్చినా పట్టుకుంటుంది.

మామ: మందులో హార్మోను ఎందుకుంటుంది?

మేనకోడలు: ఉండదు. అణువు ఆకారం దానికి దగ్గరగా ఉంటే చాలు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సొన్నెన్‌షైన్ అని ఇద్దరు 1980ల చివర్లో రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచుతూ ఉండేవాళ్లు. ఈస్ట్రోజెన్ తీసేసిన ద్రవంలో వేస్తే అవి పెరగకూడదు. ఒకసారి అన్ని పళ్లేల్లోనూ పెరిగాయి. ఎక్కడ తప్పు జరిగిందో నెలల తరబడి వెతికితే చివరికి దొరికింది, ద్రవం పోసి పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టాల్లో. వాటినుంచి నోనైల్‌ఫినాల్ అనే రసాయనం ఊరి, కణాలకు ఈస్ట్రోజెన్‌లాగా పనిచేసింది. అదే పరీక్షకు వాళ్లు తర్వాత పురుగుమందులను పెట్టారు. 1994లో అచ్చయిన జాబితాలో నీ పాత నేస్తం ఉంది.

మామ: ఎవరు?

మేనకోడలు: ఎండోసల్ఫాన్.

మామ: పచ్చపురుగుకు దాన్ని మించింది లేదు ఆ రోజుల్లో. 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. కానీ పాపా, గాజు పళ్లెంలో కణాలు వేరు, తిని తిరిగే మనిషి వేరు.

మేనకోడలు: ఆ మాట నేనూ ఒప్పుకుంటా. అసలు ఈస్ట్రోజెన్ ముందు అది ఎంతో బలహీనం కూడా. అందుకే మనుషుల్లో చూడాలి, చూశారు. 1993లో మేరీ వుల్ఫ్ బృందం న్యూయార్కులో క్యాన్సర్ వచ్చిన 58 మంది రక్తం చూసింది. డీడీటీ ఒంట్లో విరిగితే మిగిలే డీడీఈ అన్నది ఎక్కువున్నవాళ్లకు ముప్పు నాలుగు రెట్లు కనపడింది. ఆ దేశమంతా గగ్గోలు పుట్టింది. 1997లో నర్సుల మీద ఇంకా పెద్ద పరిశోధన చేశారు, ఏమీ తేలలేదు. లాంగ్ ఐలండ్‌లో ఆడవాళ్లు పట్టుబడితే అమెరికా పార్లమెంటే చట్టం చేసి అధ్యయనం పెట్టించింది. 2002లో ఫలితాలొచ్చాయి. డీడీటీకి, ఈ రోగానికి సంబంధం దొరకలేదు.

మామ: చూశావా! మూడు చోట్ల అడిగితే రెండు చోట్ల కాదన్నారు.

మేనకోడలు: వాళ్లు రక్తం తీసింది ఏ వయసులో మామా? యాభైలో, అరవైలో. అసలు కథ అక్కడుంది. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ దగ్గర 1959 నుంచి 1967 దాకా కాన్పులకు వచ్చిన వేలమంది రక్తం తీసి గడ్డకట్టించి దాచారు. దశాబ్దాల తర్వాత బార్బరా కోన్ అనే పరిశోధకురాలు ఆ సీసాలు తీసింది. అక్కడ డీడీటీ జనంలోకి వచ్చింది 1945లో. ఆ ఏడాదికి ఈ తల్లులకు ఎన్నేళ్లో లెక్కేసుకుని విడదీసింది. అప్పటికి పద్నాలుగు నిండనివాళ్లలో, రక్తంలో డీడీటీ ఎక్కువున్నవాళ్లకు యాభై ఏళ్లలోపు క్యాన్సర్ ముప్పు ఐదు రెట్లు. పద్నాలుగు దాటినవాళ్లలో ఏమీ లేదు. అదే మందు, అదే ఊరు, వయసొక్కటే తేడా.

మామ: ఎంతమందిని చూసింది?

మేనకోడలు: రోగం వచ్చినవాళ్లు 129, రానివాళ్లు 129.

మామ: అంతేనా? మా ఊళ్లో ఒక పెళ్లికి అంతకంటే ఎక్కువమంది వస్తారు.

మేనకోడలు: వస్తారు. ఒక్క ఊరి రక్తం, చిన్న లెక్క. అందుకే నేను తేలిపోయింది అనడం లేదు. కానీ 2015లో అదే బృందం కూతుళ్లను చూసింది. కడుపులో ఉండగా తల్లి రక్తంలో ఒక రకం డీడీటీ ఎక్కువున్న కూతుళ్లకు 52 ఏళ్లలోపు ముప్పు నాలుగు రెట్లకు దగ్గర. ఇంకో సాక్ష్యం చూడు, దీనికి మందుతో సంబంధమే లేదు. హిరోషిమా బాంబు తర్వాత రొమ్ము క్యాన్సర్ అందరికంటే ఎక్కువ పెరిగింది ఆరోజుకు ఇరవై నిండని ఆడపిల్లల్లో. అదీ వెంటనే కాదు, వాళ్లు నడివయసుకు వచ్చాక. మిగతా అవయవాలు చాలావరకు పుట్టుకతోనే తయారై వస్తాయి. రొమ్ము కడుపులో మొదలై, ఈడేరేటప్పుడు కొమ్మలు వేసి, తొలి కాన్పుతో గానీ పూర్తి కాదు. కణాలు వేగంగా విడిపోయే ఆ ఏళ్లలో తగిలింది ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడొచ్చు.

మామ: ఆగు. అట్లయితే మీ అత్తకు పద్నాలుగేళ్లప్పుడు నేనెవరో కూడా తెలీదే.

మేనకోడలు: తెలీదు.

మామ: వాళ్ల నాయన మిరపతోటకు గమాక్సిన్ పొడి చల్లేవాడు, పాత గుడ్డలో మూటగట్టి మొక్కల మీద దులిపేవాడు. మలేరియావాళ్లు ఏటా వచ్చి ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టి, వాకిలి పక్కన తేదీ రాసి పోయేవాళ్లు. మా ఇంటి గోడ మీద కూడా ఆ తెల్ల మచ్చలు ఉండేవి. పిల్లలం వేలితో గీకేవాళ్లం.

మేనకోడలు: మలేరియా చంపినవాళ్లకంటే ఆ డీడీటీ బతికించినవాళ్లు ఎక్కువ కావచ్చు మామా, దాన్ని తిట్టడం నాకు చేతకాదు. సేద్యంలో డీడీటీ 1989లో ఆపారు. నీ ప్రశ్నలో తప్పు నాకు ఇక్కడ కనిపిస్తోంది. నీ భార్య గురించి అడిగావు. ఆమెకు ముప్పు అంటూ ఉంటే అది నీ చేలో మొదలై ఉండకపోవచ్చు. నీ చేలో ఇప్పుడు ఆ వయసువాళ్లు ఎవరున్నారు?

మామ: క్రాసింగ్ పిల్లలు.

సీడు పత్తి తెలియనివాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. సంకర విత్తనం కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో కలపాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు సాయంత్రం పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ పుప్పొడి సంచులనూ ఒలిచేసి, నడుమ కాడను మాత్రం మిగల్చాలి. తెల్లారాక మగచెట్ల పూలు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. ఒలవకుండా తప్పిపోయిన మొగ్గ తనంతట తానే కాయ కడితే విత్తనం స్వచ్ఛత పరీక్షలో పోతుంది. చెట్టు పూసినన్ని వారాలూ సెలవు లేదు. ఈ పనికి కర్నూలు, నంద్యాల, గద్వాల వైపు ఏళ్ల తరబడి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టారు, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లను కూడా. చిన్న వేళ్లకు మొగ్గ నలగదంటారు. కూలి తక్కువన్న మాట తర్వాత చెప్తారు. చెట్టు వాళ్ల నడుమెత్తో, తలెత్తో ఉంటుంది. పొద్దున మందు కొట్టిన చేలోకే సాయంత్రం మొగ్గ తీయడానికి దిగుతారు.

మామ: ఇప్పుడు అంత చిన్నవాళ్లు లేరు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట పిల్లల పని మీద గొడవలయ్యాక విత్తన కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారు. పద్నాలుగు నిండనివాళ్లు కనపడితే సంతకం పెట్టరు.

మేనకోడలు: చట్టానికి పద్నాలుగు ఒక గీత. ఒంటికి పదిహేనేళ్లప్పుడు కూడా అదే పని నడుస్తుంటుంది.

మామ: డీడీటీ లేదు, ఎండోసల్ఫాన్ లేదు. ఇప్పుడు కొట్టేవి వేరు. వాటికి రుజువు ఉందా?

మేనకోడలు: కొంచెమే ఉంది. అమెరికాలో అయోవా, నార్త్ కరొలైనా రైతుల భార్యలను ఏళ్ల తరబడి గమనించారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు స్వయంగా వాడినవాళ్లలో ఈ క్యాన్సర్ దాదాపు ఇరవై శాతం ఎక్కువ. నీ క్లోరోపైరిఫాస్ ఆ జాతిదే. పెద్ద సంఖ్య కాదు. వాళ్లు కూడా పెద్దయ్యాక వాడినవాళ్లే. ఈడేరే పిల్లల లెక్క కావాలంటే ఆ వయసులో వాళ్ల రక్తం తీసి దాచి ఉండాలి. నీ చేలో మొగ్గలు తీసిన పిల్లల రక్తం ఎవరు దాచారు మామా?

మామ: ఎవరు దాస్తారు. కూలి లెక్క పుస్తకంలో పేరు కూడా ఇంటిపెద్దదే రాస్తాం.

మేనకోడలు: మరి రేపు వాళ్లలో ఎవరికైనా గడ్డ వస్తే, రుజువేదీ అని అడిగే హక్కు మనకు ఎక్కడినుంచి వస్తుంది? వెతికి లేదనడం వేరు, వెతికే దారి లేకుండా చేసి లేదనడం వేరు.

మామ: నువ్వు అడిగేది బాగానే ఉంది. నాది కూడా విను. కోర్టులో అనుమానం ఉంటే ముద్దాయిని వదిలేస్తారు. మందుకు మాత్రం అనుమానం రాగానే శిక్షా?

మేనకోడలు: ముద్దాయి మనిషి కాబట్టి వదిలేస్తారు. తప్పుగా జైల్లో పెడితే ఒక జీవితం పోతుంది. మందును పక్కన పెడితే మందుకేం పోదు.

మామ: మందుకు పోదు, నాకు పోతుంది! 1998లో వరంగల్లులో పత్తి రైతులు ఎందుకు చచ్చారు? పురుగు ఆగక, అప్పు తీరక. నా అప్పు ఖాయం. నీ క్యాన్సర్ ‘కావచ్చు’. ఖాయమైనదాన్ని వదిలి కావచ్చును పట్టుకోమంటే ఏ రైతు పట్టుకుంటాడు?

ఈ మాటకు ఎదురు మాట ఉందని నేననుకోను. మేనకోడలూ వెంటనే మాట్లాడలేదు.

మేనకోడలు: ఎవరూ పట్టుకోరు. అయితే ఆ రెండూ ఒకే మనిషివి కావు. అప్పు నీది, ‘కావచ్చు’ ఆ పిల్లది. నీ లెక్కలో నువ్వు నష్టపోయేది ఈ ఏడాది, ఆమె నష్టపోయేది యాభయ్యో ఏట. అప్పటికి నీ చేను ఎవరి చేతిలో ఉంటుందో, ఆమె ఏ ఊళ్లో ఉంటుందో. అందుకే ఈ బేరంలో ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో రైతులు 2000ల మొదట్లో వేపకషాయం, లింగాకర్షక బుట్టలు పట్టుకుని మందు మానేశారు. వాళ్లకూ అప్పులుండేవి.

మామ: వాళ్లది మామూలు పత్తి. సీడులో కాయ మీద ఒక్క మచ్చ కనపడినా కంపెనీ తరఫు ఆర్గనైజరు మూట వెనక్కి పంపిస్తాడు.

మేనకోడలు: మానమని అడగడం లేదు. మందు కొట్టిన రోజూ, మర్నాడూ పిల్లలను చేలోకి దించకు.

మామ: రెండు రోజులు మొగ్గ తీయకపోతే ఆ పూలన్నీ సొంతంగా కాయ కడతాయి. మళ్లీ వాటినన్నింటినీ ఏరి పారెయ్యాలి. సీజన్లో ఎన్నిసార్లు కొడతామో తెలుసా?

మేనకోడలు: ఆ రెండు రోజులకు పెద్దవాళ్లను పెట్టుకో. ఒళ్లంతా కప్పే బట్టలు, చేతులకు తొడుగులు ఇవ్వు.

మామ: పెద్దవాళ్ల కూలి ఎక్కువ. తొడుగుతో మొగ్గ ఒలవడం కుదరదు, నువ్వు ఒకసారి ఒలిచి చూడు. కూలి తేడా ఎవరు పెట్టుకోవాలి, నేనా, కంపెనీనా?

మేనకోడలు: అది నన్నెందుకు అడుగుతావు? విత్తనం కొనేది వాళ్లు. ఈ ఏడు రేటు మాట్లాడుకోవడానికి ఆర్గనైజరు వస్తాడు కదా, అప్పుడు అడుగు.

మామ: శనివారం వస్తానన్నాడు. నువ్వూ ఉండు. ఆ పద్నాలుగేళ్ల లెక్క నాకంటే నీకు బాగా చెప్పొస్తుంది.